అన్నము ముందు పుట్టిన కీర్తన

ధ్యాన పాఠము: 1 థెస్సలొనీకయులకు 5:18



అన్నము ముందు కూర్చుండినప్పుడు మనము కన్నులు మూసికొని నాలుగు మాటలు ప్రార్థించుదుము. పిల్లలు ఆకలిగొని యున్నారనియు, కూర చల్లారిపోవుననియు ఆ నాలుగు మాటలును తొందరగా ముగించుటయు కద్దు. అట్టి చిన్న భోజన ప్రార్థన నుండియే, నేటికిని అనేక దేశముల సంఘములు పాడుకొనుచున్న ఒక గొప్ప స్తుతి కీర్తన పుట్టెను. దానిని వ్రాసిన దైవసేవకుడు మార్టిన్ రింకార్టు. ఈ నెల ఆయన జీవితమును ధ్యానింతము.

జర్మనీ దేశమున, సాక్సనీ సీమలో, ముల్డె నది యొడ్డున ఐలెన్‌బుర్గు అను చిన్న పట్టణము కలదు. 1586వ సంవత్సరము ఏప్రిల్ 23వ తేదీన రింకార్టు అక్కడ జన్మించెను. తండ్రి కొయ్య పీపాలు చేసి బ్రతుకు పనివాడు. బాలుడు లైప్‌సిగు నగరమందలి పరిశుద్ధ తోమా పాఠశాలలో గాయక విద్యార్థిగా చేరి, పిమ్మట అక్కడి విశ్వవిద్యాలయమున వేదాంతము చదివెను. 1610లో, లూథరు జన్మించిన ఐస్లెబెన్ పట్టణమున ఉపాధ్యాయుడాయెను. 1617లో స్వంత ఊరి పెద్దలే ఆయనను సేవకు పిలిచిరి. పీపాలవాని కుమారుడు పుట్టిన ఊరికే పాదిరిగారై వచ్చెను.

మరుసటి యేడే, 1618లో, ముప్పది యేండ్ల యుద్ధము ఆరంభమాయెను. ఆయన అక్కడ సేవ చేసిన 32 సంవత్సరములలో 30 సంవత్సరములు యుద్ధకాలమే. పట్టణము చుట్టును ప్రాకారముండుటచేత పల్లెల జనము ప్రాణభయముతో వచ్చి లోపల కిక్కిరిసిరి. సైనికులను ఆయన యింటనే దింపిరి. గాదెలోని కొద్దిపాటి ధాన్యమును, ఇంటి సామానును పలుమారులు దోచుకొనిరి.

అట్టి దినములలో రింకార్టు తన యింటివారు భోజనమున చెప్పుకొనుటకు చిన్న ప్రార్థన నొకటి పద్యముగా కూర్చెను. తల్లి యొడిలో నున్ననాటి నుండి దేవుడు చేసిన మేలులను తలంచి వందనములు చెల్లించుటయు, సంతోష హృదయమును సమాధానమును దయచేయుమని వేడుటయు దాని భావము. యుద్ధము ముగిసిన పిమ్మట ఆనందముతో దీనిని వ్రాసెనని కొందరు చెప్పుదురు గాని అది సరికాదు. సంధి 1648లో జరిగెను. ఈ కీర్తన 1647లోనే యోహాను క్రూగరు కూర్చిన రాగముతో అచ్చుపడెను. కాబట్టి ఇది గండము గడచిన వాని స్తుతి కాదు, గండములో నున్న వాని స్తుతి.

1637లో మహామారి తెగులు పట్టణమును పట్టెను. పై అధికారియైన గురువు ఊరు విడిచి పోయి, పిలిచినను తిరిగి రాలేదు. తక్కిన బోధకులు మరణించిరి. వారిని రింకార్టే భూస్థాపన చేసి, తానొక్కడే మిగిలెను. కొన్ని దినములలో 40, 50 మందికి సమాధి ప్రార్థన చదువవలసి వచ్చెను. మొత్తము సుమారు 4,480 మందికి ఆయన ఆ పరిచర్య చేసెను. ఆ యేడు మే నెలలో సమాధి చేయబడిన వారిలో ఆయన భార్యయు ఉండెను.

తెగులు వెనుక ఘోరమైన కరవు వచ్చెను. రింకార్టు రాబోవు సంవత్సరముల జీతమును తాకట్టు పెట్టి అప్పు తెచ్చి ఆకలిగొన్న వారికి రొట్టె పెట్టించెను. అన్నము దేవుని దానమని దినదినము ఒప్పుకొనువాడు దానిని తన దానినిగా దాచుకొనలేడు గదా!

1639లో స్వీడను సేనాపతి 30,000 తాలరులు కట్టుమని పట్టణమును బెదరించెను. రింకార్టు వెళ్లి బ్రతిమాలినను వినలేదు. అప్పుడాయన సంఘమును గుడికి పిలిచి మోకాళ్లూని ప్రార్థించెను. పిదప ఆ సేనాపతి బహుగా తగ్గించి 2,000 నాణెములతో తృప్తిపడెను.

ఇంత చేసినను ఊరి పెద్దలు ఆయన యెడల కృతజ్ఞత చూపక బహుగా బాధించిరి. శుద్ధులైన పదిమంది కుష్ఠరోగులలో తిరిగి వచ్చినవాడు ఒక్కడే గదా! సమాధానము వచ్చిన మరుసటి సంవత్సరము, 1649 డిసెంబరు 8వ తేదీన, అలసిన ఆ సేవకుడు ప్రభువునందు నిద్రించెను.

ప్రియులారా, బిడ్డ మొదటి అడుగు వేసినప్పుడు, కొత్త వడ్లు ఇల్లు చేరినప్పుడు, ఈనిన గేదె మొదటి పాలు కాచినప్పుడు, దూరమునుండి కూతురు అల్లుడు పండుగకు వచ్చినప్పుడు మనము దేవునికి వందనములు చెప్పుచున్నామా? లేక ఇవన్నియు మామూలేయని ఊరకుందుమా? చిన్న మేలులకు వందనము చెప్ప నేర్వని నోరు కష్టదినమున ఒక్కసారిగా ఎట్లు స్తుతించును? రింకార్టు తన యింటివారికి సమాధుల యొద్ద కాదు, పళ్లెముల యొద్ద స్తుతి నేర్పెను. ఆ స్తుతి సమాధుల నడుమను నిలిచెను.

భార్యను మట్టికి అప్పగించినవాడు దుఃఖపడలేదని యెంచవద్దు. దుఃఖమును స్తుతియు ఒకే హృదయమున ఉండవచ్చును. హబక్కూకు ప్రవక్తయు పొలము పండనప్పుడే ఆనందింతునని చెప్పెను (హబక్కూకు 3:17, 18).

ఈ రాత్రి అన్నము ముందు తొందరపడవద్దు. పిల్లలను ఒక్కొక్కరిగా ఆ దినమందలి మేలొకటి చెప్పనిండు. గంజియైనను సరే, దానికి వందనము చెప్పి, లేని పొరుగువానికి ఒక ముంత పంపుడి. ప్రభువు మీ గృహములను ఆశీర్వదించును గాక. ఆమేన్.