శైవల శాస్త్ర పితామహుడు ఎం. ఓ. పి. అయ్యంగారు

మన పెద్దలలో చాలామంది వరిచేలు విడిచి పొట్టకూటికై ఈ ఎన్నూరు చేరినవారే. నీరు పెట్టిన మడిలో తేలే పచ్చని పాచి వారికి క్రొత్త కాదు. కాలు జారుతుందని దానిని తిట్టుకున్నారే గాని, అందులో పైరుకు బలమున్నదని ఎరిగినవారు కొద్దిమంది. ఆ పాచికి వంశం విచారించి, పేర్లు పెట్టి, మన దేశంలో దానికొక శాస్త్రాన్ని నిలిపిన మహనీయుడు చెన్నపట్టణంవాడే.

మండయం ఓసూరి పార్థసారథి అయ్యంగారు 1886లో మదరాసులో జన్మించారు. ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రం చదివి, 1909లో మదరాసు మ్యూజియంలో ఉద్యోగంలో చేరారు. తరువాత సైదాపేట ఉపాధ్యాయ కళాశాలలోను, ప్రెసిడెన్సీ కళాశాలలోను బోధించారు. ఆ రోజులలో వృక్షశాస్త్రమంటే ముఖ్యంగా చెట్లు, పూలు, మందు మొక్కలు. అయ్యంగారి చూపు మాత్రం వాననీటి గుంటలమీద, సముద్రపు రాళ్లమీద నిలిచింది. పాంబను సమీపంలోని కురుసడై దీవి నాచులను గూర్చి 1927లో వ్రాశారు.

నలభై దాటిన వయస్సులో లండను వెళ్లి ప్రొఫెసర్ ఫ్రిట్ష్ వద్ద శిష్యులై పరిశోధించారు. తడినేలపై పెరిగే ఒక క్రొత్త నాచుకు 1932లో గురువు పేరుమీదుగా ఫ్రిట్షియెల్లా అని పేరుంచారు. తిరిగివచ్చి మదరాసు విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర ప్రయోగశాలకు డైరెక్టరై, 1944లో పదవీ విరమణ చేశారు.

అదే ఫ్రిట్ష్ గారితో కలిసి పనిచేసిన పి. కె. డే అనే భారతీయుడు, ఎరువు వేయకపోయినా వరినేల సారం ఏటేటా నిలవడానికి నీలి ఆకుపచ్చ నాచులు ముఖ్య కారణమని 1939లో చూపారు. గాలిలో అయిదింట నాలుగు పాళ్లు నత్రజనియే అయినా పైరు దానిని నేరుగా తీసుకోలేదు. నాస్టాక్, అనబీనా వంటి నాచులు తమ గొలుసులో అక్కడక్కడ ఉండే మందపు గోడల కణాలలో, ప్రాణవాయువును దూరముంచి, ఆ నత్రజనిని అమ్మోనియాగా మార్చుకొంటాయి. నాచు చచ్చి కుళ్లినపుడు ఆ సారం పైరుకు దక్కుతుంది. అనుకూలించినచోట ఒక పంటకు హెక్టారుకు 20, 30 కిలోల నత్రజని ఇలా చేరుతుంది. యూరియా దండిగా చల్లితే మాత్రం నాచు ఆ పని మానుకొంటుంది.

ఇది కనుగొన్న ఘనత అయ్యంగారిది కాదు. కాని ప్రతి పాచీ ఈ మేలు చేయదు. ఏది చేస్తుందో తెలియాలంటే ముందు దాని పేరు తెలియాలి. ఆ విద్యను మదరాసులో నేర్పినవారు అయ్యంగారు. ఆయన శిష్యుడు దేశికాచారి నీలి ఆకుపచ్చ నాచులపై వ్రాసిన పెద్ద గ్రంథాన్ని 1959లో భారత వ్యవసాయ పరిశోధన మండలి ప్రచురించింది.

ఫ్యాక్టరీలో అమ్మోనియా చేయడానికి గొప్ప వేడి, గొప్ప ఒత్తిడి కావాలి. 2023 డిసెంబరులో మన ఎన్నూరు సముద్రపు గొట్టంనుండి అమ్మోనియా వెలువడి జనం ఆసుపత్రుల పాలైన రాత్రిని మనం మరువగలమా? రసాయనపు ఎరువు లేనిదే ఇంతమందికి అన్నం దొరకదన్నది నిజమే. అయినా మడిలోని నాచు పొగ లేకుండా, చప్పుడు లేకుండా చేసిపెట్టేంత మేర దాని భారం తగ్గుతుంది గదా!

అయ్యంగారు 1963లో కన్నుమూశారు. దేశికాచారితో కలిసి ఆయన వ్రాసిన మరొక నాచుల గ్రంథం 1981లో, అంటే ఆయన పోయిన 18 ఏండ్లకు వెలువడింది. ఈ ఉగాదినాడు మన పిల్లలకు చెప్పదగిన మాట ఒక్కటే: ఈసారి ఊరికి వెళ్లినపుడు మడినీటిని గాజుగ్లాసులో ముంచి, వెలుతురుకు ఎత్తి చూడండి.