దయాసాగరుడు ఈశ్వరచంద్రుడు

దానము యొక్క గొప్పతనమును ఇచ్చిన సొమ్మునుబట్టి లెక్కించుట లోకాచారము. ఇచ్చినవానికి మిగిలినదెంత యని విచారించువారు అరుదు. ధర్మమునకు, కీర్తికి, అర్థవృద్ధికి, భోగమునకు, స్వజనమునకు విత్తమును ఐదు భాగములుగా పంచుకొనిన గృహస్థు ఇహపరముల సుఖించునని భాగవతమున శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి బోధించెను. ఈ లెక్క చొప్పున ధర్మమునకు చెందునది ఐదవ పాలు. ఆ మేరను దాటి, తనకు లేనిది సైతము అప్పు దెచ్చి యిచ్చిన గృహస్థు పండిత ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు.

రైలుపట్టణమైన ఖరగ్‌పూర్‌లో, ఝపటాపూర్ మున్నగు పేటలుగల ఆ యూర, తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. ఆ పట్టణమున్న పశ్చిమ మేదినీపుర జిల్లాలోనిదే బీర్‌సింగా గ్రామము. అచ్చట 1820 సెప్టెంబరు 26న ఈశ్వరచంద్రుడు జన్మించెను. తండ్రి ఠాకూర్‌దాస్ బందోపాధ్యాయుడు కలకత్తాలో నెలకు 2 రూపాయల జీతముతో బ్రతుకు నారంభించిన నిరుపేద. తల్లి భగవతీదేవి. ఏడాది కొకపరి వైభవముగా పూజ చేయుట మేలా, ఆ సొమ్ముతో పేదలకు నెలనెల సాయపడుట మేలా యని కుమారు డడుగగా, ఆమె రెండవదానినే కోరెను.

సంస్కృత కళాశాలలో చదివి 1839లో విద్యాసాగర బిరుదము నందిన యీశ్వరచంద్రునకు 1841లో ఫోర్ట్ విలియం కళాశాలలో 50 రూపాయల ఉద్యోగము లభించెను. వెంటనే తండ్రిచే కొలువు మాన్పించి, నెలకు 20 రూపాయలు ఇంటికి పంపుచు, మిగిలిన 30 రూపాయలతో తమ్ములతోను ఆశ్రితులతోను కలకత్తాలో కాలము గడపెను. 1851లో సంస్కృత కళాశాలకు అధ్యక్షుడయ్యెను. పాఠశాలల తనిఖీ పనియు చేరగా జీతము 500 రూపాయలకు పెరిగెను. ఆదాయము పదింతలైనను ముతక ధోవతి, ఉత్తరీయము, సామాన్యమైన చెప్పులు మాత్రము మారలేదు. పెరిగినదెల్ల పరులపాలే. 1858లో ఆ యుద్యోగమును వదలుకొనిన పిదప ఆతని పుస్తకములే జీవనాధారము.

వితంతు వివాహ శాసనము 1856లో వెలువడినది. శాసనముతో పెండ్లిండ్లు జరుగవని యెరిగి, వెలివేయబడిన దంపతుల భారమును తానే వహించెను. 1867 నాటికి 60 వివాహములకు 82,000 రూపాయలు వ్యయమైనవి. వాగ్దానము చేసినవారు తప్పుకొనిరి. ధనాశతో వచ్చి మోసగించినవారును గలరు. ఋణము తీర్చుటకై మిత్రులు చందాలు వసూలు చేయ బూనగా ఆతడు సమ్మతింపలేదు. 1869లో తన సంస్కృత ముద్రణాలయమున భాగమును అమ్మివేసెను. మదరాసులో ఎనిమిదేండ్లు గడపిన కవి మైకేల్ మధుసూదన దత్తు 1864లో ఫ్రాన్సున దిక్కులేక వ్రాసినపుడును, అప్పు చేసియే ధనము పంపెను.

1866 నాటి క్షామము ఒరిస్సాను, గంజాము సీమను, మేదినీపురమును పీడించెను. బీర్‌సింగాలో ఆతడు అన్నసత్రము నెలకొల్పెను. అంటరానివారని లోకము దూరముంచిన స్త్రీల చింపిరి తలలకు స్వహస్తముతో నూనె రాచెను.

ఇంతటి దానము ఇంటికి శాంతి నొసగెనా యనిన, లేదనియే చెప్పవలెను. బంధువులతో మనస్పర్థ లేర్పడెను. 1875లో వ్రాసిన మరణశాసనమున ఏకైక పుత్రునకు వారసత్వము నిరాకరించి, అనేకులకు నెలభత్యము లేర్పరచెను. అందు రక్తసంబంధము లేనివారును గలరు. అట్లని అందరును తనవలెనే అప్పు చేయవలెనని ఆతడు తలపలేదు. స్వల్పాదాయపరులు నెలనెల కొంత దాచి భార్యాబిడ్డలకు ఆధారము కల్పించుకొనుటకై 1872లో హిందూ కుటుంబ భృతినిధిని స్థాపించెను. నిర్వహణము నచ్చక కొన్నియేండ్లకు దానిని వీడెను.

1882 ఆగస్టు 5న శ్రీరామకృష్ణ పరమహంస స్వయముగా ఆతని గృహమున కేగి దర్శనమిచ్చెను. 1891 జులై 29న విద్యాసాగరుడు దేహము చాలించెను.

ఆతని మార్గము తెలుగునాటను ఫలించినది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపిన కందుకూరి వీరేశలింగము పంతులు దక్షిణదేశ విద్యాసాగరుడని పేరొందెను. 1906లో హితకారిణీ సమాజమును నెలకొల్పి తన యాస్తిని దానికి సమర్పించెను.

ఈ మహనీయులవలె సర్వము నీయగలవారు కొందరే. కాని ఆదాయము పెరిగిన కొలది అక్కర పెరుగకుండ చూచుకొనుట ప్రతి గృహస్థునకు సాధ్యమే. 50 రూపాయలనాడు అలవడిన ఆ నియమమే విద్యాసాగరుని దానమునకు మూలధనము.