కొలువు కాదన్న యువకుడు
కట్టంగూర్‌లో హైదరాబాద్ బస్సెక్కే పిల్లలను ఏమవుతారని అడిగితే ఉద్యోగం పేరే చెబుతారు. వారికి మేము మౌలానా అన్వారుల్లా ఫారూఖీ (రహ్మతుల్లాహి అలైహి) సంగతి చెబుతుంటాము.

నాందేడ్ ప్రాంతపు ఖంధార్‌లో హిజ్రీ 1264లో జన్మించారు. పదకొండేళ్లకే హాఫిజ్ అయ్యారు. యౌవనంలో నిజాం సర్కారు మాల్ శాఖలో దస్త్రాల సారాంశం రాసే కొలువు దొరికింది. ఒకనాడు వడ్డీ లావాదేవీల దస్త్రం వచ్చింది. రాయడానికి మనసొప్పలేదు. రాజీనామా చేశారు. తన మనసు దేనికి ఒప్పుకోదో ఆ వయసులోనే తెలియడం చిన్న విషయమా? ఎంత జీతమైనా దాన్ని నేర్పదు.

తర్వాత బోధనలో పడ్డారు. హిజ్రీ 1292లో హైదరాబాద్‌లో జామియా నిజామియా స్థాపించారు. ఆరవ, ఏడవ నిజాములకు గురువయ్యారు. ఏ సర్కారు కొలువు వదిలారో ఆ సర్కారు వారసులే శిష్యులయ్యారన్నమాట! 1918లో పరమపదించారు. సమాధి జామియా ఆవరణలోనే ఉంది.