డబ్లిన్ వీధిలో బీదరికం చూసిన మన గిరి



పోయిన నెల ఎనిమిదో తరగతి పిల్లలకు ఇంగ్లిష్ పీరియడ్‌లో ఒక ఎస్సే ఇచ్చాను. మీరు చూడాలనుకుంటున్న దేశం గురించి ఒక పేజీ రాయండి అన్నాను. పేపర్లు దిద్దుతుంటే ఒకే వాక్యం మళ్ళీ మళ్ళీ తగిలింది. అక్కడ బీదవాళ్ళు ఉండరు అని. అమెరికా గురించి రాసినవాళ్ళదీ అదే మాట, కెనడా గురించి రాసినవాళ్ళదీ అదే మాట. స్పెల్లింగులు దిద్దాను గానీ, ఆ వాక్యం దగ్గర ఎర్ర పెన్ను పెట్టాలో వద్దో తేలక ఆగిపోయాను.

ఆ మాట పిల్లలు సొంతంగా కనిపెట్టింది కాదు. ఇంట్లో మీరు, బడిలో మేము మాట్లాడుకునేదే వాళ్ళ చెవిన పడింది. దేవరుప్పుల చుట్టుపక్కల ఊళ్ళలో ఎకరమో రెండెకరాలో అమ్మి, బ్యాంకు లోన్ తీసుకుని పిల్లల్ని ఎంఎస్‌కు పంపిన ఇళ్ళు మీకూ తెలుసు. పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు, ఈ ఊళ్ళో ఏముంది టీచర్, మా వాడు ఎట్లైనా బయటికి పోవాలె అన్నారు. ఆయన్ను తప్పు పట్టలేను. కానీ బయటికి వెళ్ళిన మనిషి అక్కడ ఏం చూస్తాడన్నది వేరే సంగతి.

ఈ నెల 10న వి.వి. గిరి జయంతి. మన పిల్లలకు ఆయన జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో రాష్ట్రపతుల జాబితాలో నాలుగో పేరు. అంతకుమించి చెప్పమంటే నేను కూడా ఈమధ్య వరకు తడుముకునేదాన్ని. ఆయన విదేశానికి వెళ్ళిన కథ చదివాక మీతో పంచుకోవాలనిపించింది.

వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. ఇప్పుడది ఒడిశాలో ఉంది. అప్పుడు మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లా. తెలుగువాళ్ళు బాగా ఉండే ఊరు. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు, తల్లి సుభద్రమ్మ. ఇంట్లో తిండికీ చదువుకూ లోటు లేదు. గుమ్మం దాటితే మాత్రం సంగతి వేరు. 1866 కరువు ఊడ్చేసిన ప్రాంతమది. గంజాం, విశాఖ జిల్లాల నుంచి కూలీలు ఓడలెక్కి రంగం వెళ్ళేవారు. అంటే ఇప్పటి యాంగోన్. ఇంకొందరు దక్షిణాఫ్రికా చెరకు తోటలకు ఒప్పందం మీద వేలిముద్ర వేసి వెళ్ళేవారు. విదేశానికి వెళ్ళడం అంటే ఆ జిల్లాలో మొదటి అర్థం కడుపు కోసం వెళ్ళడమే.

వకీలు గారబ్బాయి ఓడ ఎక్కింది మాత్రం బారిస్టర్ చదువుకు. 1913లో, పందొమ్మిదేళ్ళ వయసులో, ఐర్లాండ్ రాజధాని డబ్లిన్ చేరారు. యూనివర్సిటీ కాలేజీలో, దానితో పాటు కింగ్స్ ఇన్స్ అనే లా సంస్థలో చదువు.

ఈ కింగ్స్ ఇన్స్ ఎక్కడుందో కొంచెం వివరంగా చెప్పాలి. హెన్రియెట్టా అనే వీధి చివర ఉంటుంది. ఒకప్పుడు ఆ వీధిలో ఐర్లాండ్ ప్రభువులు నివసించేవారు. నాలుగంతస్తుల మేడలు, ఎత్తైన కప్పులు, పెద్ద పెద్ద మెట్లు. 1800లో చట్టం చేసి డబ్లిన్ పార్లమెంటును రద్దు చేసి లండన్‌లో కలిపేశాక, డబ్బున్నవాళ్ళు మెల్లగా వెళ్ళిపోయారు. మేడలు చేతులు మారాయి. కొన్నవాళ్ళు గదికొక కుటుంబాన్ని పెట్టి అద్దెలు వసూలు చేశారు. 1911 జనాభా లెక్కల నాటికి ఆ ఒక్క వీధిలో 15 ఇళ్ళలో 835 మంది ఉన్నారు. సగటున ఇంటికి దాదాపు యాభై ఆరు మంది! మన ఊళ్ళో ఫంక్షన్ హాల్‌లో పెళ్ళి విడిది అనుకోండి, అది ఒక్కరోజు కాదు, ఏళ్ళ తరబడి. నీళ్ళకూ మరుగుదొడ్డికీ అందరూ పెరట్లోకి దిగిరావాలి. చిన్నపిల్లల చావులు ఎక్కువ. నగరం మొత్తంలో ఇలా గదుల్లో బతికే కుటుంబాలు దాదాపు 26 వేలు.

మనల్ని ఏలుతున్న రాజ్యంలో, సముద్రం ఇవతల నుంచి అందరూ స్వర్గమనుకునే చోట, లా క్లాసుకు వెళ్ళే దారిలోనే ఇది ఉంది. ఆ పిల్లలు తెల్లవాళ్ళే. కాళ్ళకు చెప్పుల్లేవు.

గిరి అక్కడ అడుగుపెట్టిన ఏడాదే ఇంకో రెండు జరిగాయి. సెప్టెంబర్ 2 రాత్రి చర్చ్ స్ట్రీట్‌లో అలాంటి పాత ఇళ్ళు రెండు కూలి ఏడుగురు చనిపోయారు. అంతకు కొన్ని రోజుల ముందు, ఆగస్టు చివర్లో, ట్రామ్ కార్మికులు సమ్మెకు దిగారు. జిమ్ లార్కిన్ పెట్టిన యూనియన్‌లో ఉండబోమని సంతకం పెడితేనే పని అని యజమానులు కాగితం ముందు పెట్టారు. పెట్టం అన్నవాళ్ళకు గేట్లు మూసేశారు. ఇదే డబ్లిన్ లాకౌట్. సుమారు 20 వేల మంది పని పోగొట్టుకుని నెలల తరబడి వీధిలో ఉన్నారు. ఇంగ్లండ్‌లోని కార్మిక సంఘాలు చందాలు వేసుకుని ఓడలో తిండి సామాను పంపాయి. 1914 మొదట్లో ఆకలికి తట్టుకోలేక చాలామంది తిరిగి పనిలో చేరారు. లెక్క ప్రకారం కార్మికులు ఓడిపోయారనే చెప్పాలి. కానీ బీదరికం తలరాత కాదు, కూలి రేటూ గది అద్దె ఎవరో మనుషులే నిర్ణయిస్తున్నారు, ఆ మనుషులతో పోట్లాడవచ్చు అని ఆ నగరమంతా మాట్లాడుకోవడం మొదలైంది. ఆ మాటలు వింటూ గిరి చదువుకున్నారు. కార్మిక నాయకుడు జేమ్స్ కానొలీ ప్రభావం ఆయన మీద గట్టిగా పడింది. ఆ అనుభవమే తనను కార్మికుల వైపు తిప్పిందని తర్వాత తన జీవితకథలో చెప్పుకున్నారు.

డబ్లిన్‌లోని భారతీయ విద్యార్థులు కలిసి ఒక కరపత్రం వేశారు. అది దక్షిణాఫ్రికాలో మనవాళ్ళు పడుతున్న బాధల గురించి. పైన చెప్పానే, గంజాం నుంచి చెరకు తోటలకు వెళ్ళినవాళ్ళు, వాళ్ళలాంటి వాళ్ళ గురించే. సొంత జిల్లా నుంచి బయల్దేరిన మనుషుల గోడు, వేల మైళ్ళ అవతల ఇంకో దేశంలో కూర్చుని రాయవలసి వచ్చింది. దూరం వెళితేనే కొన్ని కనిపిస్తాయేమో. ఆ కరపత్రం ప్రభుత్వ గూఢచారుల చేతికి చిక్కింది. అప్పటి నుంచి ఆ విద్యార్థుల మీద పోలీసు కన్ను పడింది.

1916 ఏప్రిల్‌లో ఈస్టర్ తిరుగుబాటు. యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పిన లెక్చరర్ థామస్ మెక్‌డొనా దాని నాయకుల్లో ఒకరు. మే 3న ఆయన్ను కాల్చేశారు. మే 12న కానొలీని కూడా. గాయాలతో నిలబడలేకపోతే కుర్చీకి కట్టి కాల్చారు. ఆ వేసవిలోనే గిరికి దేశం విడిచి వెళ్ళమని నోటీసు వచ్చింది. బారిస్టర్ పట్టా చేతిలో పెట్టుకుని ఓడ ఎక్కారు.

ఇప్పటి భాషలో చెప్పాలంటే మంచి ప్యాకేజీ ఖాయం. తండ్రి పేరు ఉంది, విదేశీ డిగ్రీ ఉంది. కొన్నాళ్ళు వకాల్తా చేశారు కూడా. 1920లో గాంధీజీ పిలుపుతో మానేశారు. అప్పటికి పెళ్ళయింది. భార్య సరస్వతీబాయి. ఈ దంపతులకు మొత్తం పద్నాలుగు మంది పిల్లలు. ఒక్కరికీ ఇద్దరికీ ఫీజు కట్టే మనకు ఆవిడ ఓపిక తలుచుకుంటేనే భయమేస్తుంది. ఆయన జైళ్ళకూ మీటింగులకూ తిరుగుతుంటే ఇల్లు నడిపింది ఆవిడే.

బరంపురం మీదుగా వెళ్ళే రైలు అప్పట్లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీది. డబ్లిన్‌లో ట్రామ్ కార్మికులను చూసి వచ్చిన మనిషికి ఇక్కడి రైల్వే కూలీ, ఫైర్‌మన్, గ్యాంగ్‌మన్ కొత్తగా కనిపించారు. చిన్నప్పటి నుంచి చూసిన స్టేషనే. సౌకర్యంగా పెరిగే పిల్లలకు పనివాళ్ళు రోజూ కనిపిస్తారు, అయినా కనిపించరు. మన స్కూల్ బస్ క్లీనర్ పేరు మీ పిల్లల్ని అడిగి చూడండి.

ఆ రైల్వే కార్మికులను గిరి యూనియన్‌గా కూడగట్టారు. 1920ల చివర్లో కంపెనీ ఉద్యోగాల కోత మొదలుపెడితే సమ్మె నడిపారు. దేశంలోని రైల్వే సంఘాలన్నిటినీ కలిపిన అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్‌కు ఏళ్ళ తరబడి నాయకుడిగా ఉన్నారు. 1926లో ఏఐటీయూసీ అధ్యక్షుడయ్యారు. 1927లో జెనీవా అంతర్జాతీయ కార్మిక సదస్సుకు, 1931లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల తరఫున వెళ్ళారు. విదేశాలకు వెళ్ళడం ఆగలేదు, వెళ్ళే పని మారింది.

1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాను ఆయన సొంత బొబ్బిలిలోనే ఓడించి మద్రాసు రాష్ట్రంలో కార్మిక మంత్రి అయ్యారు. 1942లో మళ్ళీ జైలు. 1946లో ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో మళ్ళీ మంత్రి. ఆ 1946 జూలై 4ననే మన మండలంలోని కడవెండిలో దొడ్డి కొమురయ్య దొర మనుషుల తుపాకీ గుండుకు ప్రాణాలు వదిలారు. గిరికి బీదరికం ఒకరు చేస్తే వచ్చేదని తెలియడానికి డబ్లిన్ దాకా వెళ్ళవలసి వచ్చింది. కడవెండి వెట్టి జనానికి ఏ ఓడా అవసరం పడలేదు. ఆ తేడాను నేను దాటవేయదలచుకోలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1947 నుంచి 1951 వరకు గిరి సిలోన్‌లో, అంటే ఇప్పటి శ్రీలంకలో, మన హైకమిషనర్. ఆ నాలుగేళ్ళు నాకు ముఖ్యమనిపించాయి. తేయాకు తోటల్లో తరతరాలుగా చాకిరీ చేస్తున్న దక్షిణాది కూలీలు అక్కడ లక్షల్లో ఉన్నారు. 1948లో సిలోన్ కొత్త పౌరసత్వ చట్టం తెచ్చి వాళ్ళలో అత్యధికులను ఏ దేశమూ లేనివాళ్ళను చేసింది. కడుపు కోసం వెళ్ళినవాళ్ళు ఏమవుతారో గిరి ఈసారి కరపత్రంలో కాదు, కళ్ళారా చూశారు. దౌత్యంతో ఆ చిక్కు వీడలేదు. ఆయన పదవీకాలం అయిపోయినా అది దశాబ్దాల పాటు సాగింది.

1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి నెహ్రూ ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు. యాజమాన్యం, కార్మికులు కోర్టుల చుట్టూ తిరగకుండా ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలన్నది ఆయన పట్టు. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును కేంద్రం మార్చింది. గిరి ఒప్పుకోలేదు, రాజీనామా చేసి బయటికి వచ్చారు. ఆ తర్వాత మూడు రాష్ట్రాలకు గవర్నర్, 1967లో ఉపరాష్ట్రపతి, 1969లో స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి. ఈ భాగం మీ పిల్లల పుస్తకాల్లో ఉంటుంది కాబట్టి ఎక్కువ రాయడం లేదు.

పుస్తకాల్లో అంతగా కనిపించనిది ఒకటుంది. 1974 మేలో దేశవ్యాప్తంగా రైల్వే సమ్మె జరిగింది. దాదాపు 17 లక్షల మంది కార్మికులు. సమ్మెకు ముందున్న సంఘం అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్, ఒకప్పుడు గిరి నడిపినదే. మన కాజీపేట లాంటి రైల్వే ఊళ్ళలోని పెద్దవాళ్ళను అడిగితే ఇప్పటికీ ఆ రోజుల గురించి చెబుతారు. ప్రభుత్వం వేలమందిని అరెస్టు చేసింది, ఉద్యోగాలు తీసేసింది, ఇరవై రోజుల్లో సమ్మెను అణచేసింది. ఆ రోజుల్లో రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది గిరి. రాష్ట్రపతి మంత్రివర్గం సలహా ప్రకారమే నడవాలి, నిజమే. అయినా 1954లో రాజీనామా చేసిన మనిషి గురించి చదివి, వెంటనే ఇది చదివితే మనసుకు కష్టంగా ఉంటుంది. ఆ ఆగస్టులో ఆయన పదవి ముగిసింది. 1975లో భారతరత్న ఇచ్చారు. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు.

డబ్లిన్‌లో హెన్రియెట్టా వీధి ఇప్పటికీ ఉంది. అక్కడి 14వ నంబర్ మేడను 2018 నుంచి మ్యూజియంగా నడుపుతున్నారు. కుటుంబాలు బతికిన గదులను చూపిస్తారు. ఈమధ్య మన పిల్లలు ఐర్లాండ్‌లో చదువుకు బాగానే వెళుతున్నారు. రేపు మీ బాబుకో పాపకో అక్కడ సీటు వస్తే, ఒక ఆదివారం ఆ ఇంటికి వెళ్ళి, అక్కడి నుంచి మీకు వీడియో కాల్ చేయమనండి. దాని పక్కనే, వీధి చివర, గిరి చదివిన కింగ్స్ ఇన్స్ గేటు కనిపిస్తుంది.

ఎస్సేలు ఈ వారం తిరిగి ఇచ్చేస్తున్నాను. ఆ వాక్యం దగ్గర ఎర్ర గీత పెట్టలేదు. పక్కన ఒక ప్రశ్నార్థకం వేశాను. ఇంటికి తెచ్చి చూపిస్తే, అది ఎందుకు వేశారో టీచర్ అని వాళ్ళు మిమ్మల్నే అడగవచ్చు.