స్టేజీ మీదే పుట్టారు.. తెలుగు తెరకు తొలి హీరోయిన్ అయ్యారు.. సురభి కమలాబాయి కథ ఇదీ!

ఇప్పుడు సినిమాల్లో నటించేది ఒకరు, పాడేది ఇంకొకరు, ఒక్కోసారి డబ్బింగ్ చెప్పేది మరొకరు. తెలుగులో తొలి టాకీ తీసినప్పుడు ఆ వీలే లేదు. కెమెరా ముందు నటిస్తూనే గొంతెత్తి పాడాలి. తేడా వస్తే సీన్ మొత్తం మళ్లీ మొదటికే! అలాంటి పరీక్షకు నిలబడిన నటి సురభి కమలాబాయి.

ఆమె వచ్చింది సురభి నాటక కంపెనీ నుంచి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచక వధ' నాటకంతో మొదలుపెట్టిన సమాజం అది. తెలుగు నాటకాల్లో ఆడవేషాలు కూడా ఎక్కువగా మగవాళ్లే కట్టే కాలం. సత్యభామ అంటే స్థానం నరసింహారావే గుర్తొచ్చేవారు. సురభిలో మాత్రం ఆడవేషం ఆడవాళ్లదే. తల్లులు, కూతుళ్లు, కోడళ్లు.. ఇంటిల్లిపాదీ ముఖానికి రంగేసుకునేవారు. నాటకాలాడే ఆడవాళ్లను లోకం చులకనగా చూసే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

కమలాబాయి పుట్టింది 1908లో. ఆ పుట్టుక గురించి ఇప్పటికీ ఓ కథ చెప్పుకుంటారు. తల్లి వెంకుబాయి దమయంతి వేషంలో ఉండగా స్టేజీ మీదే నొప్పులు మొదలయ్యాయట. జనం అదీ నాటకంలో భాగమే అనుకున్నారట. బిడ్డ పుట్టిందని తెలిశాక స్టేజీ మీదకు డబ్బులు విసిరారట. వినడానికి సినిమా కథలా ఉంటుంది. కానీ నిండు నెలల్లోనూ ఆ తల్లికి వేషం తప్పలేదన్నదే ఇందులో అసలు సంగతి.

అలా పుట్టిన పిల్లకు స్టేజీయే బడి అయింది. మైకుల్లేని ఆ రోజుల్లో పద్యం ఎత్తుకుంటే చివరి వరుసలో నేల మీద కూర్చున్న మనిషికీ వినపడాలి.

దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి బొంబాయిలో 'భక్త ప్రహ్లాద' తీయడానికి సిద్ధమైనప్పుడు సురభి వాళ్లనే పిలిపించారు. కమలాబాయి లీలావతి, మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు. పాటలు రాసింది ఖమ్మం ప్రాంతానికి చెందిన చందాల కేశవదాసు. తర్వాత పెద్ద దర్శకుడైన ఎల్వీ ప్రసాద్ ఇందులో మొద్దబ్బాయి వేషం వేశారు. ఈ సినిమా 1931 సెప్టెంబర్ 15న రిలీజైందని చాలా ఏళ్లు అందరూ నమ్మారు. అయితే 1932 జనవరి 22న సెన్సార్ అయి, ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమాలో విడుదలైందని పరిశోధకుడు రెంటాల జయదేవ ఆధారాలతో తేల్చారు.

ఆ వెంటనే సాగర్ మూవీటోన్ నుంచి పిలుపు వచ్చింది. అదే 1932లో 'పాదుకా పట్టాభిషేకం'లో సీతగా, 'శకుంతల'లో శకుంతలగా చేశారు. ఆమె పదేళ్లపాటు బొంబాయిలోనే ఉండి, పాతిక దాకా హిందీ సినిమాల్లో నటించారని చెబుతారు. ఊరూరా తిరిగి గుడారం వేసుకునే కంపెనీ పిల్ల, తెలుగు మాటే వినపడని స్టూడియోల్లో నెగ్గుకొచ్చింది. ఆమె కెరీర్‌లో పెద్ద సాహసం అదే.

ఆ తర్వాత కాలం మారింది. ప్లేబ్యాక్ వచ్చింది. పాడలేకపోయినా హీరోయిన్ కావొచ్చు. కమలాబాయి మాత్రం తల్లి వేషాలకు మారారు. 1971 మార్చి 30న కన్నుమూశారు.

'భక్త ప్రహ్లాద' ప్రింట్ ఇప్పుడు ఎక్కడా దొరకదు. ఆ లీలావతి పాట ఎలా ఉండేదో విని చెప్పగలిగిన తరమూ వెళ్లిపోయింది. సురభి కుటుంబాలు మాత్రం హైదరాబాద్ శేరిలింగంపల్లిలోని సురభి కాలనీలో ఉంటూ ఇప్పటికీ నాటకాలు ఆడుతున్నాయి. ఇక తెర మీద కమలాబాయిని చూడాలంటే 1951 నాటి 'పాతాళభైరవి' ఉంది. అందులో ఎన్టీఆర్ తోటరాముడు. కొడుకు కోసం అల్లాడిపోయే ఆ తల్లి.. ఈమే!