తొలి విజయం తరువాత 16 ఏళ్లు: సూరత్ సీమ మూలాల గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ జీవనయానం

సూరత్: బ్రిటిష్ రాక్ బృందం ‘క్వీన్’ ప్రధాన గాయకుడిగా ప్రపంచానికి తెలిసిన ఫ్రెడ్డీ మెర్క్యురీ అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. తెలుగువారి ఇంటిపేర్లలో పూర్వీకుల ఊళ్లు నిలిచి ఉన్నట్లే ఈ పార్సీ ఇంటిపేరులోనూ ఒక ఊరు ఉంది. అది దక్షిణ గుజరాత్‌లోని బుల్సార్, అంటే నేటి వల్సాడ్. బ్రిటిష్ పాలనలో అది సూరత్ జిల్లాలోని ఒక తాలూకా కేంద్రం. 1991 నవంబర్ 24న లండన్‌లో 45 ఏళ్ల వయసులో కన్నుమూసిన మెర్క్యురీ పేరు చెప్పగానే సంగీతాభిమానులకు ముందుగా గుర్తుకు వచ్చేది 1975 నాటి ‘బొహీమియన్ రాప్సొడీ’. ఆ పాట విడుదలయ్యే నాటికి ఆయనకు 29 ఏళ్లు. అటుపై ఆయన జీవించినది 16 ఏళ్లే. చేతికందిన కీర్తిని నిలుపుకోవడానికి పడిన శ్రమ, కొన్ని తప్పుడు నిర్ణయాలు, ఒంటరిగా చేసిన ప్రయోగాలు, చివరికి ప్రాణాంతక వ్యాధితో పోటీపడుతూ పూర్తిచేసిన పాటలు, అన్నీ ఆ 16 ఏళ్లలోనే ఉన్నాయి.

సముద్రం దాటిన ఇంటిపేరు

ఇరాన్ నుంచి వలస వచ్చిన జొరాస్ట్రియన్లు తొలుత అడుగుపెట్టినట్లు పార్సీ సంప్రదాయం చెప్పే సంజాన్, వారి పవిత్రాగ్ని కొలువై ఉన్న ఉద్వాడా రెండూ ఈ తీరంలోనివే. మొఘలుల కాలంలో పశ్చిమ తీరానికి ప్రధాన రేవుగా వెలుగొందిన సూరత్ పార్సీ వర్తకులకు, నౌకా నిర్మాతలకు నెలవుగా ఉండేది. బొంబాయి నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది వేసిన లవ్జీ నసర్వాన్జీ వాడియా 1736లో సూరత్ నుంచే అక్కడికి వెళ్లారు. బొంబాయి ఎదిగిన కొద్దీ సూరత్ ప్రాభవం తగ్గింది. ఈ ప్రాంతపు కుటుంబాలు బతుకుదెరువు కోసం బొంబాయికి, అక్కడి నుంచి తూర్పు ఆఫ్రికా తీరానికి తరలాయి.

ఫరోఖ్ తండ్రి బోమీ బుల్సారా కూడా అలా జాంజిబార్ చేరినవారే. అక్కడి బ్రిటిష్ ప్రభుత్వ కార్యాలయంలో క్యాషియరుగా పనిచేశారు. బోమీ, జెర్ దంపతులకు 1946 సెప్టెంబర్ 5న జాంజిబార్‌లోని స్టోన్ టౌన్‌లో ఫరోఖ్ జన్మించారు. చెల్లెలు కాశ్మీరా ఆరేళ్లకు పుట్టారు. చిన్న వయసులోనే తల్లిదండ్రులు కుమారుడిని ఓడ ఎక్కించి, మహారాష్ట్రలోని పంచగనిలో ఉన్న సెయింట్ పీటర్స్ పాఠశాల వసతి గృహానికి పంపారు. తోటి విద్యార్థులు ఆయనను ఫ్రెడ్డీ అని పిలవడం మొదలైనది అక్కడే. పియానో నేర్చుకున్నదీ అక్కడే. 1958లో సహవిద్యార్థులతో కలిసి ‘ది హెక్టిక్స్’ అనే బృందాన్ని ఏర్పాటు చేసి, పాఠశాల వేడుకల్లో పాశ్చాత్య పాటలకు పియానో వాయించేవారు.

చదువు ముగించి జాంజిబార్ తిరిగి వెళ్లిన కొద్దికాలానికే, 1964 జనవరిలో అక్కడ విప్లవం చెలరేగింది. ప్రాణభయంతో బుల్సారా కుటుంబం ఇంగ్లండ్‌కు తరలిపోయి, లండన్ శివారులోని ఫెల్తమ్‌లో స్థిరపడింది. ఫ్రెడ్డీ ఈలింగ్ ఆర్ట్ కళాశాలలో గ్రాఫిక్ డిజైన్ చదివి 1969లో డిప్లొమా పొందారు. ఆ తరువాత కెన్సింగ్టన్ మార్కెట్‌లో పాత దుస్తులు అమ్ముతూ, చిన్న బృందాల్లో పాడుతూ కాలం గడిపారు.

పేరు తెచ్చిన అయిదేళ్లు

గిటారిస్ట్ బ్రయాన్ మే, డ్రమ్మర్ రోజర్ టేలర్‌లతో కలిసి 1970లో ఆయన ‘క్వీన్’ను స్థాపించారు. బృందానికి ఆ పేరు పెట్టినది, సభ్యుల రాశుల గుర్తులతో దాని చిహ్నాన్ని గీసినది ఆయనే. తన ఇంటిపేరును మెర్క్యురీగా మార్చుకున్నదీ ఆ రోజుల్లోనే. 1971లో బేస్ గిటారిస్ట్ జాన్ డీకన్ చేరికతో బృందం పూర్తయింది. 1973లో వచ్చిన తొలి ఆల్బమ్‌కు పెద్దగా ఆదరణ దక్కలేదు. 1974లో మెర్క్యురీ రాసిన ‘కిల్లర్ క్వీన్’ బ్రిటిష్ జాబితాలో 2వ స్థానానికి చేరింది.

మరుసటి ఏడాది వచ్చిన ‘బొహీమియన్ రాప్సొడీ’ నిడివి దాదాపు 6 నిమిషాలు. రేడియోలో 3 నిమిషాల పాటలు రాజ్యమేలుతున్న రోజులవి. పల్లవి మళ్లీ మళ్లీ రాకుండా, నెమ్మదైన గీతం, ఒపెరా, రాక్ మూడింటినీ ఒకే పాటలో కలిపిన ఆ రచన రేడియోలో నెగ్గదని సంగీత కంపెనీ సందేహించింది. అది బ్రిటన్‌లో వరుసగా 9 వారాలు అగ్రస్థానంలో నిలిచింది. ఆ విజయంతో పాటే ఒక బరువూ మెర్క్యురీ భుజాలపై పడింది. తరువాత రాసే ప్రతి పాటనూ శ్రోతలు దానితోనే తూచడం మొదలుపెట్టారు.

శిఖరం నుంచి జారుడు మెట్లు

ఆ పోలికను తప్పించుకోవడానికి మెర్క్యురీ ఎంచుకున్న మార్గం ప్రతిసారీ బాణీ మార్చడం. 1977లో స్టేడియంలోని ప్రేక్షకులంతా గొంతు కలపగల ‘వి ఆర్ ది చాంపియన్స్’ రాశారు. 1979లో పాతకాలపు రాక్ అండ్ రోల్ శైలిలో రాసిన ‘క్రేజీ లిటిల్ థింగ్ కాల్డ్ లవ్’ అమెరికాలో ప్రథమ స్థానం పొందింది. 1980 నాటి ‘ది గేమ్’ ఆల్బమ్ కూడా అక్కడ అగ్రస్థానానికి చేరింది. 1981లో బ్రెజిల్‌లోని సావో పాలోలో బృందం ఒక్క ప్రదర్శనకే లక్షకు పైగా జనం తరలివచ్చారు.

ఆ మరుసటి ఏడాదే దెబ్బ తగిలింది. నృత్య సంగీతం వైపు మొగ్గిన 1982 నాటి ‘హాట్ స్పేస్’ ఆల్బమ్ రాక్ అభిమానులను నిరాశపరిచింది. ఆ ఏడాది పర్యటన తరువాత మెర్క్యురీ అమెరికాలో మళ్లీ బృందంతో పాడలేదు. 1984లో ‘ఐ వాంట్ టు బ్రేక్ ఫ్రీ’ వీడియోలో నలుగురూ ఆడవేషంలో కనిపించారు. ఒక బ్రిటిష్ టెలివిజన్ ధారావాహికను ఆటపట్టిస్తూ తీసిన ఆ హాస్యాన్ని బ్రిటన్ ఆస్వాదించింది, అమెరికా ప్రేక్షకుల్లో అనేకులు హర్షించలేదు.

అదే ఏడాది అక్టోబర్‌లో జరిగిన తప్పు ఇంకా పెద్దది. వర్ణవివక్ష పాలనకు నిరసనగా అంతర్జాతీయ కళాకారులు దక్షిణాఫ్రికాను బహిష్కరిస్తున్న సమయంలో ‘క్వీన్’ అక్కడి సన్ సిటీ విడిది కేంద్రంలో ప్రదర్శనలు ఇచ్చింది. తమకు రాజకీయాలతో సంబంధం లేదని బృందం సమర్థించుకున్నా బ్రిటిష్ సంగీత కళాకారుల సంఘం జరిమానా విధించింది. ఐక్యరాజ్యసమితి రూపొందించిన, బహిష్కరణను ఉల్లంఘించిన కళాకారుల జాబితాలోకి బృందం పేరు ఎక్కింది. ఆఫ్రికా గడ్డపై పుట్టి, శరణార్థిలా ఆ ఖండాన్ని వీడిన గాయకుడి జీవితంలో ఇది చెరగని మరకగా మిగిలింది.

ఒంటరి ప్రయత్నం, 21 నిమిషాల పునరాగమనం

బృందం అలసటలో ఉన్న ఆ దశలోనే మెర్క్యురీ సొంతంగా ఒక ఆల్బమ్‌ను మ్యూనిక్‌లో రికార్డు చేశారు. 1985 ఏప్రిల్‌లో విడుదలైన ‘మిస్టర్ బ్యాడ్ గై’ బ్రిటన్‌లో 6వ స్థానం వరకు వెళ్లినా ‘క్వీన్’ ఆల్బమ్‌ల స్థాయి ఆదరణ దానికి దక్కలేదు. అన్ని పాటలూ తానే రాసి, పాడి, స్వేచ్ఛగా పనిచేసిన ఆ అనుభవం ఆయనకు మరో విషయాన్నీ తెలియజేసింది. తన స్వరానికి మే గిటారు, డీకన్ బేస్, టేలర్ గొంతు ఎంత అవసరమో అందులో వాటి లోటే చాటింది.

మూడు నెలలు తిరగకుండానే జూలై 13న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఇథియోపియా కరవు బాధితుల సహాయార్థం ‘లైవ్ ఎయిడ్’ కచేరీ జరిగింది. ఒక్కో బృందానికి దక్కినది సుమారు 20 నిమిషాలే. ‘క్వీన్’ కొత్త పాటల ప్రచారానికి పోకుండా, తనకు పేరు తెచ్చిన గీతాలను కుదించి, గడియారం పెట్టుకుని సాధన చేసి వచ్చింది. పగటి వెలుగులో, ప్రత్యేక దీపాలంకరణ ఏదీ లేకుండా, 72,000 మంది ప్రేక్షకుల ముందు మెర్క్యురీ వేదికను ఏలారు. ఆయన రాగం తీస్తే స్టేడియం మొత్తం తిరిగి పలికింది. ఆ 21 నిమిషాలు రాక్ చరిత్రలోనే ఉత్తమ ప్రదర్శనల్లో ఒకటిగా నేటికీ పేరు పొందుతున్నాయి.

ఆ ఊపుతో 1986లో ఐరోపా పర్యటన సాగింది. కమ్యూనిస్టు పాలనలో ఉన్న హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లోనూ బృందం పాడింది. ఆగస్టు 9న ఇంగ్లండ్‌లోని నెబ్‌వర్త్‌లో జరిగిన కచేరీ ఆ పర్యటనకు ముగింపు. మెర్క్యురీ ‘క్వీన్’తో ఇచ్చిన చివరి ప్రదర్శన కూడా అదే.

బార్సిలోనా స్వప్నం

1987లో ఆయనకు హెచ్ఐవీ ఉన్నట్లు నిర్ధారణ అయింది. ఆనాటికి వ్యాధిని నిలువరించగల చికిత్స లేదు. తొలి ఔషధం ఏజడ్‌టీకి అమెరికాలో అనుమతి లభించినది ఆ ఏడాదే. పలు మందులను కలిపి ఇచ్చే సమర్థమైన విధానం అందుబాటులోకి రావడానికి 1996 వరకు ఆగవలసి వచ్చింది.

అదే కాలంలో మెర్క్యురీ తన జీవితంలోని అతి సాహసోపేతమైన పనికి పూనుకున్నారు. స్పెయిన్ ఒపెరా గాయని మోంట్‌సెరా కబయేతో కలిసి ‘బార్సిలోనా’ ఆల్బమ్‌ను రూపొందించారు. రాక్ గాయకుడు, ఒపెరా విదుషీమణి సమాన హోదాలో ఒక పూర్తి ఆల్బమ్ పాడటం అప్పటికి వినూత్నం. 1988 అక్టోబర్‌లో బార్సిలోనాలో జరిగిన వేడుకలో ఇద్దరూ వేదికపై కనిపించారు. 1992 ఒలింపిక్స్‌కు ఆ నగరం ఆతిథ్యమిచ్చినప్పుడు ఆ పాట మళ్లీ విడుదలై బ్రిటన్‌లో 2వ స్థానానికి చేరింది. అప్పటికి దానిని వినడానికి మెర్క్యురీ లేరు.

కాలంతో పందెం

1989 నాటి ‘ది మిరకిల్’ ఆల్బమ్ నుంచి పాటల కర్తృత్వాన్ని నలుగురి పేరిటా సమష్టిగా ప్రకటించాలని బృందం నిర్ణయించింది. ఏళ్ల తరబడి సభ్యుల మధ్య రాపిడికి కారణమైన విషయం అలా సద్దుమణిగింది. మెర్క్యురీ ఆరోగ్యం క్షీణిస్తున్న సంగతిని సహచరులు బయటి ప్రపంచానికి పొక్కనివ్వలేదు. 1990 ఫిబ్రవరిలో బ్రిట్ పురస్కారాల వేదికపై చిక్కిన ముఖంతో ఆయన కనిపించడంతో పత్రికల్లో ఊహాగానాలు పెరిగాయి. లండన్‌లోని ఆయన నివాసం గార్డెన్ లాడ్జ్ ఎదుట ఛాయాగ్రాహకులు కాపు కాశారు.

ఆయన మాత్రం స్విట్జర్లాండ్‌లోని మాంట్రూ సరస్సు తీరంలో ఉన్న స్టూడియోలో పాడుతూనే ఉన్నారు. 1991 ఫిబ్రవరిలో వచ్చిన ‘ఇన్యుయెండో’ బ్రిటన్‌లో అగ్రస్థానం పొందింది. అందులోని ‘ది షో మస్ట్ గో ఆన్’ పాటకు అవసరమైన తారస్థాయిని ఆ స్థితిలో అందుకోగలరా అని బ్రయాన్ మే సందేహించగా, మెర్క్యురీ దానిని పూర్తి శక్తితో పాడి చూపారు. మే నెలలో చివరి వీడియో చిత్రీకరణలో పాల్గొన్నారు. తన తరువాత సహచరులు పూర్తిచేసుకునేందుకు వీలుగా వీలైనన్ని గీతాలకు గొంతు ఇచ్చి వెళ్లారు. అవి 1995లో ‘మేడ్ ఇన్ హెవెన్’గా వెలువడ్డాయి.

1991 నవంబర్ 23న తనకు ఎయిడ్స్ ఉన్నట్లు ఆయన ఒక ప్రకటన ద్వారా ధ్రువీకరించారు. తన చుట్టూ ఉన్నవారి ఆంతరంగికతను కాపాడటానికే ఇంతకాలం మౌనంగా ఉన్నట్లు వివరించారు. 24 గంటల వ్యవధిలోనే న్యుమోనియాతో తుదిశ్వాస విడిచారు. ముందుగానే వెల్లడించి ఉంటే వ్యాధిపై అవగాహన పెరిగేదని కొందరు విమర్శించారు. ఆ కాలంలో రోగుల ఉద్యోగాలు, అద్దె ఇళ్లు, స్నేహాలు పోతున్న తీరును ఎరిగినవారు ఆయన మౌనాన్ని అర్థం చేసుకున్నారు. ఈ చర్చ తెలుగు నేలకు పరాయిది కాదు. 2000ల తొలి సంవత్సరాల్లో హెచ్ఐవీ భారం అత్యధికంగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. బాధితుల అనుమతి లేకుండా వారి స్థితిని వెల్లడించడాన్ని, వారిపై వివక్షను నిషేధిస్తూ భారత పార్లమెంటు 2017లో చట్టం చేసింది. మెర్క్యురీ మరణానికి అది 26 ఏళ్ల తరువాతి మాట.

మిగిలినది

నవంబర్ 27న లండన్‌లో ఆయన అంత్యక్రియలు తల్లిదండ్రుల విశ్వాసానికి అనుగుణంగా జొరాస్ట్రియన్ పద్ధతిలో జరిగాయి. పురోహితులు అవెస్తా ప్రార్థనలు పఠించారు. బతికినంత కాలం తన భారతీయ మూలాల గురించి బహిరంగంగా అరుదుగానే ప్రస్తావించిన ఆయనను, ‘క్వీన్’తో ఒక్కసారైనా భారత్‌లో పాడని ఆయనను, బుల్సారా వంశం తన ఆచారంతోనే సాగనంపింది.

ఆ డిసెంబర్‌లో ‘బొహీమియన్ రాప్సొడీ’ మరోసారి బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. దానిపై వచ్చిన ఆదాయం ఎయిడ్స్ రోగుల సేవా సంస్థకు వెళ్లింది. 1992 ఏప్రిల్ 20న వెంబ్లీలో జరిగిన సంస్మరణ కచేరీ రాబడితో ఏర్పడిన మెర్క్యురీ ఫీనిక్స్ ట్రస్ట్ వివిధ దేశాల్లో హెచ్ఐవీ నివారణ కార్యక్రమాలకు నిధులు అందిస్తోంది. 2018లో ఆయన జీవితంపై వచ్చిన చలనచిత్రం నాలుగు ఆస్కార్ పురస్కారాలు గెలుచుకుని, కొత్త తరానికి ఆయన గొంతును పరిచయం చేసింది.

తొలి కీర్తి దగ్గరే ఆగిపోయిన గాయకులు సంగీత చరిత్రలో ఎందరో ఉన్నారు. మెర్క్యురీ ఆ తరువాత పడ్డారు, తప్పు చేశారు, తిరిగి లేచారు. 1991 మే నెలలో, నిలబడటమే కష్టమైన దశలో, మాంట్రూలో మైకు ముందు చివరి పాట పాడటానికి పూనుకున్నారు. దాని ఆఖరి చరణం పాడే ఓపిక ఆయనకు మిగలలేదు. బ్రయాన్ మే దానిని తన గొంతుతో పూరించారు.