కంటికి కనిపించని వేడిని కొలిచిన జాన్ టిండాల్

జాన్ టిండాల్ 1820లో ఐర్లండులోని కార్లో జిల్లాలో పుట్టారు. తండ్రి పోలీసు కానిస్టేబులు. బడి చదువయ్యాక టిండాల్ ప్రభుత్వ సర్వే శాఖలో చేరారు. జీతాలు చాలట్లేదని, సిబ్బందిని సరిగా చూడట్లేదని నోరు విప్పినందుకు 1843లో ఆ ఉద్యోగం పోయింది. ఆ తర్వాత రైలు మార్గాల సర్వే చేశారు, పాఠాలు చెప్పారు. కూడబెట్టిన డబ్బుతో 28వ ఏట జర్మనీ వెళ్లి బున్‌సెన్ దగ్గర చదువుకున్నారు. ల్యాబులో మనం చూసే బర్నరుకి ఉన్నది ఆ బున్‌సెన్ పేరే. 1853లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రొఫెసర్ అయ్యారు.

ఎండ గాలిలోంచి దిగి నేలను వేడెక్కిస్తుంది. మరి నేల నుంచి తిరిగి పైకి పోయే వేడిని గాలి ఆపుతుందా? 1859లో టిండాల్ దీన్ని కొలవడం మొదలుపెట్టారు. గాజు ఈ వేడిని ఆపేస్తుంది కాబట్టి ఒక పొడవాటి గొట్టానికి రెండు చివర్లా రాతి ఉప్పు పలకలు బిగించారు. ఒక పక్క మరిగే నీళ్ల డబ్బా, రెండో పక్క వేడి తగిలితే కరెంటు పుట్టించే పరికరం. గొట్టంలో ఒక్కో వాయువూ నింపి సూది ఎంత కదిలిందో చూశారు. ఆక్సిజన్, నైట్రోజన్ వేడిని దాదాపు అలాగే వదిలేశాయి. గాలిలో కొంచెమే ఉండే నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ మాత్రం పట్టేసుకున్నాయి. మనిషి ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో కూడా ఈ పద్ధతిలోనే ఆయన ల్యాబులో కొలిచారు.

ఇక్కడ ఇంకొకరి పేరు కూడా చెప్పుకోవాలి. 1856లోనే అమెరికాలో యూనిస్ ఫుట్ అనే ఆవిడ, ఎండలో పెట్టిన గాజు గొట్టాల్లో కార్బన్ డయాక్సైడ్ ఉన్నదే ఎక్కువ వేడెక్కిందని చూపించారు. ఆవిడ వ్యాసాన్ని సభలో చదివింది మాత్రం ఒక మగాయన. తర్వాత నూరేళ్లకు పైగా ఆవిడ పేరు ఎవరికీ గుర్తులేదు. ఎండ వేడిని, నేల వదిలే వేడిని విడదీసి కొలిచిన ఘనత టిండాల్‌ది. మొదటి అడుగు మాత్రం ఆవిడది.

టిండాల్‌కి చివరి రోజుల్లో నిద్ర పట్టేది కాదు. 1893 డిసెంబరులో భార్య లూయిజా ఒక మందు ఇవ్వబోయి పొరపాటున నిద్రమందు ఎక్కువగా ఇచ్చేశారు. ఆ రోజే ఆయన పోయారు. ఆవిడ మరో 47 ఏళ్లు బతికారు. భర్త జీవితచరిత్ర రాయాలని కాగితాలన్నీ పోగుచేశారు గానీ పూర్తి చెయ్యలేకపోయారు.

ఒక్కో వాయువూ తనకు సరిపడే పరారుణ కిరణాలనే పీల్చుకుంటుంది. రేడియోలో స్టేషను తిప్పినట్టు, ఇప్పటి డయోడ్ లేజర్లను సరిగ్గా ఆ కిరణం దగ్గరికి తిప్పిపెట్టి, పైపులోంచి లీకయ్యే కొద్దిపాటి మీథేన్‌ని కూడా పట్టేస్తున్నారు. మన స్కూటీకి పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు సైలెన్సరులో గొట్టం పెట్టి చూసే మిషన్‌లో లేజరు లేకపోయినా సూత్రం అదే. ఈసారి అక్కడ నిలబడినప్పుడు టిండాల్‌ని, యూనిస్ ఫుట్‌ని ఒక్కసారి తలుచుకుందాం.